బ్రేక్ క్లీనర్ కొట్టి టిగ్ వేశా, గొంతు మండింది.. లైట్ తీసుకోవచ్చా?

రాగిముక్క

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదువుకుని వెళ్లిపోవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాయాల్సొచ్చింది. నేను వెల్డర్ని కాదు, షెడ్‌లో సొంత బండి పనులు సరదాకి చేసుకునేవాణ్ని, టిగ్ (ఆర్గాన్ గ్యాస్ వదులుతూ కరెంటు ఆర్క్‌తో చేసే వెల్డింగ్) మొదలుపెట్టి ఆర్నెల్లయింది.

సాయంత్రం ఇంజన్ సైడ్ కవర్ ఒకటి, అల్యూమినియం కాస్టింగ్, మూలన పగులుంటే వెల్డ్ చేద్దామని కూర్చున్నా. ఏళ్ల తరబడి ఆయిల్ తాగిన ముక్క కదా, ఎన్నిసార్లు తుడిచినా గుడ్డకి నల్లగా అంటుకుంటూనే ఉంది. సరేలే అని పక్కనే ఉన్న బ్రేక్ క్లీనర్ స్ప్రే డబ్బా తీసి పగులు మీద గట్టిగా కొట్టి, తుడిచి, రెండు నిమిషాలు ఆగి ఆర్క్ పెట్టా. పైకి పొడిగానే కనపడింది, నిజం చెప్తున్నా. కానీ వేడి తగలగానే పగులు లోంచి చిన్న చిన్న బుడగలు తుకతుకమని లేచాయి, తెల్లటి పొగ సన్నగా దారంలా లేచి హెల్మెట్ కింద నుంచి లోపలికొచ్చింది. ఒక్కసారి పీల్చానంతే. గొంతులో ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టయింది, కళ్లు నీళ్లు కారిపోయాయి, అన్నీ ఆపేసి బయటికి వచ్చేశా. పది నిమిషాల్లో తగ్గిపోయింది. ఇది జరిగి రెండు గంటలవుతోంది, ఇప్పుడు కొంచెం పొడి దగ్గు తప్ప బానే ఉన్నా.

అడగాల్సినవి మూడు. దీన్ని లైట్ తీసుకోవచ్చా? అసలు వెల్డింగ్‌కి ముందు దేంతో క్లీన్ చేయాలి, ఎసిటోన్ అంటుకుంటుంది వద్దని ఫ్రెండ్ అంటే కదా నేను ఏరికోరి ఈ డబ్బా వాడింది, దీని మీద ‘నాన్ ఫ్లేమబుల్’ అని పెద్దక్షరాల్లో ఉంది మరి. ఇంకోటి, తర్వాత జీఐ పైపులతో (జింకు పూత ఉన్న ఇనప పైపులు) స్టాండ్ చేయాలి, యాసిడ్ పోస్తే జింకు ఊడిపోతుందంటున్నారు, నిజమేనా?

పాతఇనుము

తమ్ముడూ, ఎసిటోనూ జీఐ పైపులూ తర్వాత చూద్దాం. ముందు ఆ డబ్బా తిప్పి వెనకాల చిన్నక్షరాల్లో ఏముందో చదివి ఇక్కడ పెట్టు. పేరులో ‘క్లోరో’ ఉందా లేదా అదొక్కటే నాకు కావాలి. షెడ్‌లోకి మళ్లీ వెళ్లకు, డబ్బా లోపలే ఉంటే తలుపులన్నీ తీసి గాలి ఆడనిచ్చాక ఎవరినైనా పంపించు. మెట్లెక్కడం, బరువులెత్తడం ఏం చేయకు, కూర్చో.

రాగిముక్క

డబ్బా నాతోనే ఉంది అన్నా. ‘టెట్రాక్లోరోఇథిలీన్, కార్బన్ డయాక్సైడ్’, ఈ రెండే ఉన్నాయి. మంట బొమ్మ లేదు. ఒక మనిషి ఛాతీ నక్షత్రంలా పగిలినట్టు ఒక బొమ్మ, చచ్చిన చేప పక్కన ఎండిన చెట్టు ఇంకో బొమ్మ. చేప బొమ్మ చూసి కాలవలో పోయకూడదేమోలే అనుకున్నా గానీ..

పాతఇనుము

అయితే టైపింగ్ ఆపి హాస్పిటల్‌కి బయల్దేరు, ఎమర్జెన్సీకే వెళ్లు. నువ్వు డ్రైవ్ చేయకు, ఎవరినైనా తోడు తీసుకెళ్లు, డబ్బా కూడా కవర్లో పెట్టి పట్టుకెళ్లు. డాక్టర్‌తో ‘వెల్డింగ్ పొగ పీల్చా’ అని ఊరుకోకు, అలా చెప్తే దగ్గు మందు రాసి పంపేస్తారు. ‘క్లోరిన్ ఉన్న సాల్వెంట్ మీద ఆర్క్ పడింది, ఫాస్జీన్ పీల్చి ఉండొచ్చు, ఫలానా టైముకి’ అని ఈ మాటలే చెప్పు. ఫాస్జీన్ అన్న పేరు కాగితం మీద రాసుకో. ఇప్పుడు బానే ఉందని వాళ్లు పంపించేయబోతే, ఇది గంటల తర్వాత బయటపడే రకం, అబ్జర్వేషన్‌లో పెట్టండి అని నువ్వే అడుగు. వెళ్లొచ్చాక మాట్లాడుకుందాం.

ల్యాబ్‌కోటు

రాగిముక్క గారు ఈపాటికి బయల్దేరే ఉంటారనుకుంటున్నా, మిగతావాళ్ల కోసం అసలు అక్కడ ఏం జరిగిందో రాస్తా, ఎందుకంటే ఈ పొరపాటు ఆయన ఒక్కడిదే కాదు.

టెట్రాక్లోరోఇథిలీన్ అంటే రెండు కార్బన్లకి నాలుగు క్లోరిన్లు, డ్రైక్లీనింగ్‌లో బట్టలు ఉతకడానికి వాడిన సరుకు ఇదే, షార్ట్‌గా పెర్క్ అంటారు. గ్రీజుని భలే కరిగిస్తుంది (సాల్వెంట్ అనేది అందుకే), మామూలు మంటకి అంటుకోదు. అందుకే డబ్బా మీద నాన్ ఫ్లేమబుల్ అని రాస్తారు, అందులో అబద్ధమేం లేదు. కాకపోతే అంటుకోదు అంటే చెక్కు చెదరదు అని కాదు కదండీ. ఆర్క్ వేడికీ, ఆర్క్ నుంచి వచ్చే అల్ట్రావయొలెట్‌కీ ఆ అణువు విరిగిపోతుంది, గాల్లో ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోజన్ క్లోరైడ్, ఫాస్జీన్, ఇంకా అలాంటివే కొన్ని తయారవుతాయి. ఫాస్జీన్ ఏంటో తెలియనివాళ్లకి: మొదటి ప్రపంచ యుద్ధంలో 1915 నుంచి సైనికుల మీదకి వదిలిన విషవాయువు ఇది.

ఆయనకి గొంతు మండి, కళ్లు నీళ్లు కారాయన్నారు చూడండి, అది ఎక్కువగా హైడ్రోజన్ క్లోరైడ్ పని అయ్యుండాలి. అది నీళ్లలో టక్కున కరుగుతుంది కాబట్టి కంట్లో, ముక్కులో, గొంతులో ఉన్న తడికే పట్టుకుంటుంది, మనం దగ్గి బయటికి పరిగెడతాం. ఒక రకంగా మేలే చేసింది. ఫాస్జీన్ అలా కాదు, నీళ్లలో నిదానంగా కరుగుతుంది, పైన పెద్దగా గొడవ చేయకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా దిగిపోయి, గాలి రక్తంలోకి వెళ్లే ఆ పల్చటి పొరని దెబ్బతీస్తుంది. ఆ పొర కారడం మొదలై ఊపిరితిత్తుల్లో నీరు చేరేసరికి కొన్ని గంటలు పడుతుంది, 24 గంటలైనా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువైనా పట్టొచ్చు. మధ్యలో మనిషి హాయిగా ఉంటాడు, తిరుగుతాడు, పడుకుంటాడు. పాతఇనుము గారు మెట్లెక్కొద్దు అన్నది ఊరికే కాదు, ఆ మధ్య టైములో ఒళ్లు అలిసే పని చేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. విరుగుడు మందంటూ లేదు, ఆక్సిజన్ పెట్టి, కనిపెట్టుకుని ఉండి, అవసరమైతే శ్వాసకి సాయం చేయడమే.

వాసన బట్టి కనుక్కుంటాం అని ఎవరూ అనకండి. కోసిన గడ్డిలాగో, ముక్కిపోయిన ఎండుగడ్డిలాగో ఉంటుందంటారు, కానీ ముక్కుకి తెలియాలంటే గాల్లో సుమారు 0.4 పీపీఎం అయినా ఉండాలి, చాలామందికి అంతకన్నా ఎక్కువ కావాలి. అమెరికాలో 8 గంటల పనికి పెట్టిన పరిమితేమో 0.1 పీపీఎం. 2 పీపీఎం అంటే ప్రాణానికే ముప్పు అని లెక్క. పీపీఎం అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు. అంటే గడ్డి వాసన తెలిసిందంటే అప్పటికే హద్దు దాటేసినట్టే.

ఇంకో విషయం, సాల్వెంట్ జాబ్ మీదే, అంటే వెల్డ్ చేసే ముక్క మీదే, ఉండాలని రూలేం లేదు. షెడ్ ఆ మూల మూత తీసిన పెర్క్ డబ్బా ఉండి, ఈ మూల ఆర్గాన్‌తో అల్యూమినియం వేస్తున్నా కూడా, ఆవిరి తేలుతూ ఆర్క్ వెలుగు పడేచోటికి వస్తే చాలు. ఆర్గాన్‌తో చేసే వెల్డింగ్‌లో అల్ట్రావయొలెట్ ఎక్కువ, పైగా అల్యూమినియం తళతళ దాన్ని అటూ ఇటూ కొడుతుంది.

స్పార్క్‌రాజు

ఏంటండీ బాబూ ఈ భయపెట్టడం, యుద్ధాలూ విషవాయువులూ అని. నేను ఇరవై ఏళ్లుగా బ్రేక్ క్లీనర్ కొట్టే వెల్డింగ్ చేస్తున్నా, బండ్లు, గేట్లు, సైలెన్సర్లు, ఏది చేయలేదు, ఇంకా బతికే ఉన్నా. ఆరనివ్వాలి అంతే, కుర్రోడు రెండు నిమిషాల్లోనే మొదలుపెట్టాడు అదీ తప్పు. ప్రతిదానికీ హాస్పిటల్ అంటే ఇక పనేం చేస్తాం.

పాతఇనుము

రాజూ, నీ డబ్బా మీద మంట బొమ్మ ఉందా?

స్పార్క్‌రాజు

ఉంది. అయితే?

పాతఇనుము

అయితే అదే నిన్ను ఇరవై ఏళ్లు కాపాడి ఉంటుంది. బ్రేక్ క్లీనర్ అన్నది ఒక సరుకు పేరు కాదయ్యా, పని పేరు. ఒకే కంపెనీ, ఒకే సైజు డబ్బా, ఒకటేమో క్లోరిన్ ఉన్నది, ఇంకోటేమో లేనిది, తేడా మూత రంగులోనో లేబుల్ రంగులోనో ఉంటుంది. నువ్వు వాడేది హెప్టేనో ఎసిటోనో టోలుయినో కలిపిన రకం అయ్యుంటుంది, దాంతో నీకున్న ప్రమాదం భగ్గుమనడం, అది నీకు తెలుసు కాబట్టి ఆరనిస్తున్నావ్. ఈ కుర్రాడు మంటకి భయపడి మంట బొమ్మ లేనిది ఏరి తెచ్చుకున్నాడు. జాగ్రత్తపడే ఇలా ఇరుక్కున్నాడు పాపం.

ఆరనిస్తే చాలు అంటావా. ఎసిటోన్ 56 డిగ్రీలకి మరుగుతుంది, పెర్క్‌కి 121 కావాలి. చదును రేకు మీద ఏదైనా ఆరుతుంది. పగుల్లో, ఒకదాని మీద ఒకటి ఎక్కిన రేకుల మధ్యలో, బోల్టు మరల్లో, గుల్లగా ఉన్న కాస్టింగ్‌లో దిగింది ఎప్పుడు ఆరిందో ఎవడు చెప్తాడు? నేను ఒకసారి ల్యాప్ జాయింట్ (రేకు మీద రేకు ఎక్కించింది) ఒకటి ముందురోజు క్లీన్ చేసి పెట్టింది తెచ్చి టాక్ వేశా, అదే, కదలకుండా పెట్టే చిన్న వెల్డ్ చుక్క. ఈ చివర టాక్ వేస్తే ఆ చివర రేకుల మధ్య నుంచి ఒక చుక్క బయటికి వచ్చి నిలబడింది, చెమట బొట్టులా. అప్పుడది మామూలు థిన్నర్ కాబట్టి చిన్న నీలం మంట లేచి ఆరిపోయింది. అది పెర్క్ అయ్యుంటే మంట కూడా లేచేది కాదు, నేను తలొంచుకుని పని చేసుకుంటూనే ఉండేవాణ్ని.

ల్యాబ్‌కోటు

చిన్న సవరణ. మంట బొమ్మ ఉంటే క్లోరిన్ లేనట్టే అని కూడా అనుకోవద్దు, రెండు రకాలూ కలిపిన మిశ్రమాలు ఉంటాయి. పేర్లే చదవాలి. ప్రతి కెమికల్‌కీ ఎస్‌డీఎస్ అని ఒక సేఫ్టీ షీట్ ఉంటుంది, అందులో 3వ సెక్షన్‌లో ఏమేం కలిపారో, 10వ సెక్షన్‌లో వేడికి విరిగితే ఏమొస్తుందో రాస్తారు. అక్కడ హైడ్రోజన్ క్లోరైడ్ అనో ఫాస్జీన్ అనో కనపడితే ఆ డబ్బాకి వెల్డింగ్ షెడ్‌లో చోటు లేదు. పేరు చదవడం కష్టమైతే నంబరు చూడండి: టెట్రాక్లోరోఇథిలీన్ 127-18-4, ట్రైక్లోరోఇథిలీన్ 79-01-6.

మాస్కు ఉందిగా అనేవాళ్లకి: పొగలో రేణువుల కోసం పెట్టుకునే పీ100 ఫిల్టర్ గ్యాస్‌ని ఆపదు. ఫాస్జీన్‌కి మాస్కు వెతుక్కోవడం కన్నా అది పుట్టకుండా చూసుకోవడమే తేలిక.

పాతఇనుము

కుర్రాడి మిగతా ప్రశ్నలకి రాసి పెడతా, వచ్చాక చదువుకుంటాడు.

క్లీనింగ్‌కి నేను చేసేది ఇంతే. ముందు జిడ్డు, తర్వాత తుప్పో ఆక్సైడో. ఈ వరస తిప్పితే బ్రష్షే ఆయిల్‌ని లోహంలోకి రుద్దుతుంది, ఆ బ్రష్ కూడా పాడు. బాగా జిడ్డుంటే వేడినీళ్లు, డిటర్జెంట్, గట్టి బ్రష్, కడిగి ఆరబెట్టడం. సగం పని దీంతోనే అయిపోతుంది, ఎందుకో ఎవరికీ ఇది నచ్చదు, స్ప్రే కొడితేనే క్లీన్ చేసినట్టు ఫీలవుతారు. చివర్లో శుభ్రమైన గుడ్డకి కొంచెం ఎసిటోన్ అద్ది ఒకే వైపు తుడవడం. ఎసిటోన్‌లో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ తప్ప ఇంకేం లేవు, క్లోరిన్ లేదు కాబట్టి ఫాస్జీన్ గొడవ లేదు. ఫ్రెండ్ చెప్పింది మాత్రం నిజమే, అది మైనస్ 20 డిగ్రీల దగ్గర కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీద పాకుతూ నిప్పురవ్వ దాకా వెళ్తుంది. అందుకని డబ్బా బయట, తుడిచిన గుడ్డ మూతున్న ఇనప డబ్బాలో, అదీ బయటే. జాబ్ ఆరాకే ఆర్క్. జాబ్ మీద నేరుగా పోయడాలు, స్ప్రేలు వద్దు, గుడ్డకి అద్దితే చాలు. తర్వాత అల్యూమినియంకి స్టెయిన్‌లెస్ బ్రష్, దానికోసమే విడిగా ఉంచింది. అల్యూమినియం 660 డిగ్రీలకి కరిగితే పైన ఆక్సైడ్ పొర 2000 దాటితే గానీ కరగదు, దాన్ని ఏ సాల్వెంటూ తీయదు, గీకాల్సిందే.

జీఐ పైపు. జింకు 907 డిగ్రీలకే మరిగిపోతుంది, స్టీల్ కరగాలంటే 1500 దగ్గర కావాలి. అంటే నీ ఇనుము ఇంకా కరగకముందే జింకు తెల్లపొగై మొహం మీదకొస్తుంది. ఆ పొగ పీలిస్తే సాయంత్రానికి నోట్లో లోహం రుచి, రాత్రికి చలి జ్వరం, ఒళ్లు నొప్పులు, ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. వెల్డర్లలో చాలామంది దీన్ని చూసినవాళ్లే. పాలు తాగితే పోతుందని ఒక నమ్మకం ఉంది, పాలు పొట్టలోకి పోతాయి గానీ ఊపిరితిత్తుల్లోకి పోవుగా. అసలు చిక్కేంటంటే ఈ జింకు జ్వరం అలవాటైనవాడు ఫాస్జీన్‌నీ, క్యాడ్మియంనీ కూడా ‘ఆ అదేలే, రేపటికి తగ్గుతుంది’ అని పడుకుంటాడు. క్యాడ్మియం పూత పొగ కూడా మొదట ఇలాగే జ్వరంలా మొదలై తర్వాత ఊపిరి అందకుండా చేస్తుంది, ప్రాణాలు పోయిన కేసులున్నాయి. పాత బోల్టులు బంగారు రంగులో మెరుస్తుంటే అది జింకు పూతో క్యాడ్మియం పూతో కంటికి తెలియదు. నేను వాటి జోలికి పోను, గ్రైండ్ కూడా చేయను, కొత్త మామూలు బోల్టు పెడతా.

యాసిడ్‌తో జింకు పోతుందా అంటే పోతుంది. కానీ పోతున్నంతసేపూ హైడ్రోజన్ బుడగలు వస్తాయి, అది అంటుకునే గ్యాస్. యాసిడ్ ఆవిరికి షెడ్‌లో ఉన్న పనిముట్లన్నీ వారంలో ఎర్రగా తుప్పు పడతాయి, ఇది నా పానాసెట్టుకి జరిగింది, ఇప్పటికీ బాధే. పైపు లోపల మిగిలిన యాసిడ్‌ని కడగడం ఇంకో తలనొప్పి. నాలుగు జాయింట్లకి ఇదంతా ఎందుకు, వెల్డ్ పడేచోట అటూ ఇటూ రెండేసి అంగుళాలు గ్రైండర్‌కి ఫ్లాప్ డిస్క్ (ఉప్పుకాగితం రేకుల చక్రం) పెట్టి ఉత్త ఇనుము కనపడేదాకా తీసెయ్, మాస్కు పెట్టుకుని. పైపు లోపల కూడా జింకు ఉంటుందని మర్చిపోతారు అందరూ, చివర్ల లోపలివైపు కూడా రౌండ్ ఫైల్‌తో తియ్యి. తీసినా కొంత మిగులుతుంది, కాబట్టి పొగ నీ మొహం మీదకి కాకుండా అవతలికి పోయేలా ఫ్యాన్ పెట్టు.

ల్యాబ్‌కోటు

యాసిడ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక్కమాట. స్టెయిన్‌లెస్ మీద వెల్డ్ మరకలు పోవడానికి పూసే పికిలింగ్ పేస్టులో నైట్రిక్ యాసిడ్‌తో పాటు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది. ఇది చర్మం మీద పడితే మొదట నొప్పే తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఒంట్లో కాల్షియంని పట్టేస్తుంది. అది వాడేవాళ్లు కాల్షియం గ్లుకోనేట్ జెల్ పక్కన లేకుండా మూత తీయకూడదు, పడితే నీళ్లతో కడిగి జెల్ రాసి వెంటనే హాస్పిటల్. ఇళ్లలో చేసుకునేవాళ్లకి దాంతో పని లేదు.

స్పార్క్‌రాజు

నా డబ్బా చూశా. ఎసిటోన్, హెప్టేన్ అని ఉంది. పెద్దాయన చెప్పింది కరెక్టే. కానీ షెడ్‌లో మా కుర్రాడు కొత్తగా తెచ్చినవి రెండు వేరేవి ఉన్నాయి, వాటి మీద మంట బొమ్మ లేదు. ఒకటి సగం అయిపోయింది కూడా. పొద్దున వాడితో మాట్లాడాలి.

రాగిముక్క

వచ్చేశా అందరికీ థాంక్స్, నిన్న రాత్రంతా అక్కడే ఉంచారు. ఫాస్జీన్ అన్న మాట వినగానే డ్యూటీ డాక్టర్ కుర్చీలోంచి లేచి సీనియర్‌కి ఫోన్ చేశాడు, పాతఇనుము అన్న చెప్పకపోయుంటే నేను ‘పొగ పీల్చా’ అనే చెప్పేవాణ్ని. వెళ్లగానే ఒక ఎక్స్‌రే, తెల్లారుజామున ఇంకోటి, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తూనే ఉన్నారు. అర్ధరాత్రి కొంచెం ఛాతీ బిగుతుగా అనిపించింది, భయంవల్లో నిజంగానో తెలీదు, తర్వాత తగ్గింది. ఇవాళ సాయంత్రం పంపించారు, ఆయాసం వస్తే వెంటనే వచ్చేయమన్నారు, కొన్నిరోజులు రెస్ట్.

అన్నా ఆ కవర్ ఏం చేయమంటావ్, బాగా కడిగి ఎండలో పెడితే మళ్లీ వెల్డ్ చేయొచ్చా?

పాతఇనుము

బతికించావ్ తమ్ముడూ. కవర్ మాత్రం వదిలెయ్. ఆయిల్ పీల్చుకున్న కాస్టింగే పెర్క్‌నీ పీల్చుకుంటుంది, ఎంత లోపలికి పోయిందో నీకూ తెలీదు నాకూ తెలీదు. వేరేది వెతుక్కో. డబ్బా వెల్డింగ్ జరిగేచోట ఉంచకు, కాల్చకు, చిల్లు పెట్టకు, కాలవలో పోయకు, మీ దగ్గర ప్రమాదకర చెత్త తీసుకునేవాళ్లకి అప్పగించు. షెడ్‌లో మిగతా డబ్బాలు కూడా ఒకసారి తిప్పి చూడు.

రాగిముక్క

చూశా అన్నా ఇందాకే, గుమ్మం బయటే కూర్చుని తమ్ముడితో ఒక్కోటీ తెప్పించుకుని చదివా. పదకొండు డబ్బాలున్నాయి. చైన్ క్లీనర్ ఓకే, కార్బ్ క్లీనర్ ఓకే. పెయింట్ రిమూవర్ మీద మాత్రం ‘డైక్లోరోమీథేన్’ అని ఉంది. స్టాండ్‌కి వాడదామని రెండు పాత యాంగిల్ ముక్కలకి పోయినవారమే అది పూసి రంగు తీసి, తుడిచి, వెల్డింగ్ టేబుల్ మీదే పెట్టుకున్నా. ఇదీ ఆ జాతేనా?

ల్యాబ్‌కోటు

ఆ జాతే. ఇది 40 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి చదును యాంగిల్ మీద వారం తర్వాత పెద్దగా మిగలదు, అయినా రిమూవర్‌లో మైనం లాంటిది కలుపుతారు, అది పొరలా ఉండిపోయి కింద కొంత పట్టుకోవచ్చు. సబ్బునీళ్లతో బయట బాగా కడిగి, ఆరాక వెల్డ్ పడేచోటు వైర్ బ్రష్ కొట్టండి. డబ్బా మాత్రం మొదటిదాని పక్కనే పెట్టేయండి.

పాతఇనుము

అదీ ఇవాళ కాదు. నీకు రెస్ట్ అన్నారు. తమ్ముడితో కడిగించు, గ్లవ్స్ వేసుకోమను.